డెబ్బై రెండు కిలోల అన్న

అన్న పోయాడన్న కబురు మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో ఉదయం ఏడున్నరకి వచ్చింది. నేను ఆఫీసుకి వెళ్ళే ట్రెయిన్‌లో ఉన్నాను. నాలుగు స్టేషన్లు దాటేలోపు నలభై మంది ఏడ్చేశారు. మనసు వెన్న అని ఒకరు, తండ్రి తర్వాత తండ్రి అని ఒకరు, పరాయి దేశంలో మొదటి ముద్ద పెట్టిన చెయ్యి అని ఇంకొకరు. నేను చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళుగా ఆయన మొహమ్మీద అనాలని దాచుకున్న మాట ఒకటి నా దగ్గరుంది. అది వినకుండానే తప్పించుకుపోయాడు.

మధ్యాహ్నం పాస్టరుగారి భార్య ఫోన్ చేశారు. శనివారం ఆదరణ కూడిక పెట్టుకున్నారట. మనిషి పోయిన ఇంటికి ధైర్యం చెప్పడానికి మావాళ్ళు జరుపుకునే ప్రార్థన అది. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆ మనిషి గురించి సాక్ష్యం చెబుతారు. నువ్వు అన్నకి చెల్లెలి లెక్క కదమ్మా, రెండు మంచి మాటలు చెప్పాలి అన్నారావిడ. చెబుతానన్నాను. మంచివే చెబుతానని మాత్రం మాటివ్వలేదు.

నేను బాపట్ల నుంచి మెకానికల్‌లో మాస్టర్స్ చెయ్యడానికి మెల్‌బోర్న్‌లో దిగినప్పుడు నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చింది ఆయనే, కాదనను. తెనాలి మనిషి. నాకంటే నాలుగేళ్ళు ముందొచ్చాడు. ఐటీ కోర్సుని సాగదీస్తూ సాగదీస్తూ, ఆ ఊరి శివారు క్లేటన్‌లో తెలుగు పిల్లలు అద్దెకుండే ఇళ్ళన్నింటికీ పెద్దదిక్కైపోయాడు. నా సూట్‌కేసు అందుకుంటూ, ఇవాళ్టి నుంచి నువ్వు నా చెల్లివి, దిగులు పెట్టుకోకు అన్నాడు. ఇరవై రెండేళ్ళ దాన్ని, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ చెల్లెలి పదవికి రాజీనామా ఉండదని అప్పుడు నాకు తెలియదు.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న దువ్వెన ఉండేది. ఫొటో అన్న మాట పక్కింట్లో వినిపించినా బయటికి తీసేవాడు. ఎవరింటికి వెళ్ళినా మనిషిని పలకరించకముందే పొయ్యి దగ్గరికి వెళ్ళి, మూత తీసి, గరిటెతో కూర అరచేతిలో వేసుకుని నాకి, ఉప్పు తగ్గిందనేవాడు. కొంచెమే పెట్టండి, తినే వచ్చాను అనేవాడు. ఆ కొంచెం మూడుసార్లు వడ్డించాల్సి వచ్చేది. ఇంట్లో ఏ వస్తువు బాగుంటే అది వాడుకుని ఇస్తానని పట్టుకుపోయేవాడు. తిరిగి అడిగితే ఎంత నొచ్చుకునేవాడంటే, అడిగినందుకు మనమే సిగ్గుతో చచ్చిపోవాలి.

ఇక ఆయన బరువు. వీసా కోసం హైదరాబాదులో డాక్టరు పరీక్ష చేసినప్పుడు డెబ్బై రెండు కిలోలని కాగితం మీద రాశారట. అంతే, ఆ అంకె ఆయనకి పుట్టుమచ్చలా అంటుకుపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు మేకమాంసం కూరలూ, చర్చి బిర్యానీలూ, ఆదివారం అరిసెలూ అన్నీ ఆ పొట్టలోకి వెళ్ళాయి. చొక్కా బొత్తాల మధ్య బనీను కనిపించేది. అయినా ఎవరడిగినా డెబ్బై రెండే. అడగకపోయినా డెబ్బై రెండే.

దీనివల్ల ఎవరికేం నష్టం అంటారా? చెబుతాను. సెలవులకి ఇండియా వెళ్ళే ప్రతివాళ్ళ పెట్టెనీ తూచే హక్కు ఆయనదే. పెట్టెని తిన్నగా బాత్రూం త్రాసు మీద పెడితే అంకె పెట్టె కిందకి పోయి కనపడదు కదా. అందుకని ఆయనే పెట్టెని రెండు చేతులా ఎత్తుకుని త్రాసు ఎక్కేవాడు. కింద కూర్చుని మనం అంకె చదవాలి. అందులోంచి తన బరువు తీసేసి, పెట్టె బరువు ఇంత అని ప్రకటించేవాడు. తీసేసేది ఎంత? డెబ్బై రెండు.

నేను మొదటిసారి ఇంటికి వెళ్ళేటప్పుడు త్రాసు నూట ఇరవై చూపించింది. నలభై ఎనిమిది కిలోలు చెల్లీ, విమానంలో ముప్ఫైయే ఒప్పుకుంటారు, పద్దెనిమిది తీసెయ్యాలి అన్నాడు. ఏడాదిపాటు ఒక్కొక్కటే కొనిపెట్టుకున్నవి ఒక్కొక్కటే బయటికి తీశాను. అమ్మకి ఉన్ని దుప్పటి, తమ్ముడికి బూట్లు, తేనె సీసాలు. చిట్టచివరికి నాన్న కోసం తీసుకున్న గొర్రెబొచ్చు చెప్పులు. షుగరు వల్ల నాన్న పాదాలు ఎప్పుడూ చల్లగా ఉండేవి. మళ్ళీ తూచాడు. నూట రెండు. ఇప్పుడు సరిగ్గా ముప్ఫై, తీసినవి నా దగ్గర ఉంటాయి, వెళ్ళిరా అన్నాడు. ఎత్తితే చేతికి తేలిగ్గానే ఉంది. కానీ అన్న లెక్క చెప్పాక చెయ్యి చెప్పేది ఎవరు వింటారు? ఎయిర్‌పోర్టు కౌంటర్లో నా పెట్టె పది కిలోలు తూగింది. ఇంతేనా అని అక్కడి అమ్మాయి నన్ను జాలిగా చూసింది.

విమానంలో కూర్చుని లెక్క వేశాను. నూట రెండులో పది పోతే తొంభై రెండు. ఇంత చిన్న తీసివేత క్లేటన్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక్కళ్ళకీ తట్టలేదు. పైగా అందరూ ఏమనుకునేవాళ్ళో తెలుసా, అన్న ప్రార్థన చేసి పంపిస్తే ఎయిర్‌పోర్టులో బరువు తగ్గుతుందని. సెలవులు అయ్యాక తిరిగొచ్చి ఆయన తలుపు తడితే, నాన్న చెప్పులు వేసుకుని వచ్చి తలుపు తీశాడు. ఊరికే పడుంటే పురుగు పడుతుందని వాడుతున్నాడట.

సరే, చెప్పులు చెప్పులే. అసలు సంగతి రెండో ఏడు జరిగింది.

మా యూనివర్సిటీ వర్క్‌షాపులో యంత్రాలు చూసుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. ఇక్కడి మనిషి. ఇంటి వెనక షెడ్డులో సొంతంగా స్కీలు తయారు చేసుకునేవాడు. స్కీ అంటే మంచు మీద జారడానికి బూటుకి బిగించుకునే పొడుగాటి పలక. మధ్యలో చెక్క, పైనా కిందా జిగురులో ముంచిన గాజుపీచు గుడ్డ. వాటిని ఒక చట్రంలో పెట్టి, పాత ఫైరింజను గొట్టాల్లోకి గాలి కొట్టి ఆ ఒత్తిడితో అతికించేవాడు. కానీ ఆ చెక్క ఏ చోట ఎంత మందం ఉండాలో ఆయనకి చేతి అలవాటే తప్ప లెక్క లేదు. సగం జతలు కర్రల్లా బిగుసుకుపోయేవి, సగం వేలాడేవి. లెక్కకట్టే ప్రోగ్రాం ఎవరైనా రాస్తారా, ప్రాజెక్టుకి పనికొస్తుంది అని క్లాసులో అడిగితే అందరూ నవ్వారు. నేను చెయ్యెత్తాను. మా సూర్యలంక సముద్రపు ఇసక తప్ప మంచు మొహం చూసినదాన్ని కాదు.

ఎనిమిది నెలలు పట్టింది. మనిషి ఎత్తు, బరువు, ఎలాంటి మంచు మీద జారతాడో ఇస్తే చాలు, పలక నడుము ఎంత సన్నగా ఉండాలో, ముక్కు ఎంత పైకి లేవాలో, లోపలి చెక్క ఎక్కడ ఎంత మందం ఉండాలో తెర మీద గీసి చూపించేది. బరువు గడిలో అంకె పెంచితే చెక్క బొమ్మ కాస్త ఉబ్బేది, తగ్గిస్తే చిక్కేది. మొదటిసారి అది కదిలినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పెద్దాయన తన తొంభై కిలోలకి దాంతో ఒక జత గీయించుకుని చేసుకున్నాడు. కొండ మీదికి వెళ్ళొచ్చి, జన్మలో ఇంత మంచి జత మీద జారలేదన్నాడు. నా బతుకులో నేను పూర్తిగా నా చేత్తో చేసిన మొదటి పని అది.

అన్న మా ఇంటికొచ్చి, కూర రుచి చూసి, నా వెనక నిలబడి తెర చూశాడు. చూసి ఇస్తాను చెల్లీ అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయాడు. దుప్పటి ఇచ్చినదాన్ని, ప్రోగ్రాం ఇవ్వలేనా?

నెల తర్వాత ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దువ్వెనతో జుట్టు సరిచేసుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"నేను చీకట్లో ఉన్నప్పుడు ప్రభువు నాకు ఒక గీత చూపించాడు. ఆ గీత పట్టుకుని రాత్రనక పగలనక ఒక ప్రోగ్రాం రాశాను. మంచు ఆటల సామాను అమ్మే కంపెనీవాళ్ళు అది చూసి, ఒక్క డెమో ఇస్తే జాబ్ కన్ఫర్మ్ అన్నారు. నాలాంటివాడికి ఇది ఎలా వచ్చింది? పైనుంచి వచ్చింది."

హాలంతా ఆమెన్ అంది. సాక్ష్యం చివర ఆమెన్ అనడం మాకు చిన్నప్పటినుంచీ ఊపిరి పీల్చినంత అలవాటు. నా నోటి నుంచి కూడా వచ్చేసింది. బయటికొచ్చాక గాని నాకు వినపడలేదు. నన్ను దోచుకున్నదానికి నేనే సంతకం పెట్టాను. ఇంకెవరితో చెప్పుకోను? దేవుడిచ్చాడని మనిషి కన్నీళ్ళతో చెప్పాక, కాదు నేను రాశాను అని లేస్తే నేను దేవుడితో పోటీకి దిగినట్టే కదా.

మర్నాడు ఆయనింటికి వెళ్ళి అడిగేశాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. ఆ చెప్పులతోనే సోఫాలో కూర్చుని, నా చేతికి ఒక కంచం ఇచ్చాడు.

"వండింది నువ్వే చెల్లీ. నేను కాదన్నానా? వడ్డించేవాడు లేకపోతే అది గిన్నెలోనే చల్లారిపోయేది. అన్న బాగుపడితే నీకు సంతోషం కాదా?"

ఎయిర్‌పోర్టు గుర్తొచ్చింది, మొదటి మూడు వారాలు ఆయన ఇప్పించిన మంచం గుర్తొచ్చింది. తిన్నాను. వస్తూ వస్తూ ఆయన సింకులో ఉన్న గిన్నెలు కూడా తోమిపెట్టి వచ్చాను. ఆయన చేసిందానికంటే ఆ గిన్నెలు తోమినందుకు నా మీద నాకు ఎక్కువ కోపం.

పది రోజులకి ఆయనే వచ్చాడు. డెమో అంటే ఆ ప్రోగ్రాం గీసిన స్కీల మీద తనే జారి చూపించాలట. అద్దె స్కీల మీద రెండు శనివారాలు నేర్చుకున్నాడు, మెల్లగా దిగడం వచ్చింది. కానీ తెర మీది గడులు ఏమీ అర్థం కాలేదు. నా పేరు మీద ఒక జత గీసిపెట్టు చెల్లీ అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఎత్తు అడిగాను. అయిదడుగుల ఎనిమిది అన్నాడు. బరువు అడిగాను. పొట్ట లోపలికి లాక్కుని డెబ్బై రెండు అన్నాడు.

"ఖాయమేనా అన్నా?"

"ఏం, అన్న మాట మీద నమ్మకం లేదా?"

డెబ్బై రెండు కొట్టాను. చెక్క బొమ్మ నా కళ్ళముందే చిక్కింది. నడుము దగ్గర ఒక మిల్లీమీటరు పైచిలుకు పోయింది. ఎంత హాయిగా ఉందో, అబద్ధమెందుకు? అబద్ధం చెప్పింది నేను కాదు. చెల్లెలిగా అన్న మాట జవదాటలేదు, అంతే.

షెడ్డులో పెద్దాయన చెక్క చిత్రిక పట్టబోతూ ఆగాడు. అన్న అంతకుముందు ఫొటోలు దిగడానికి వర్క్‌షాపుకి వచ్చినప్పుడు చూసి ఉన్నాడు. ఆ మనిషి డెబ్బై రెండైతే నేను స్కూలు పిల్లాణ్ణి అన్నాడు. ఒక మిల్లీమీటరు వదిలేస్తాను, ఎవరికీ తెలియదు, ఏమంటావు అని నా మొహంలోకి చూశాడు. కత్తి చెక్క మీద ఆగి ఉంది. ఆ ఒక్క నిమిషం నాకు బాగా గుర్తు. వదిలెయ్యమని ఉంటే ఈ కథ లేదు.

ఆయన చెప్పిందే చెయ్యండి అన్నాను. కాళ్ళు ఆయనవి అని భుజాలెగరేసి పెద్దాయన చిత్రిక లాగాడు. రింగులు రింగులుగా చెక్కపొట్టు నా చెప్పుల మీద పడింది.

డెమో రోజు కంపెనీవాళ్ళు ఇద్దరు, మా చర్చి కుర్రాళ్ళు అయిదారుగురు, నేను. మెల్‌బోర్న్ నుంచి మూడు గంటల దూరంలో మంచుకొండ. పెద్ద వాలేమీ కాదు, పిల్లలు జారే చోటు. అన్న పైన నిలబడి, చేతి తొడుగు తీసి, దువ్వెనతో జుట్టు దువ్వుకుని బయల్దేరాడు. పది పన్నెండు క్షణాలు బాగానే దిగాడు. పలక ఎక్కడ విరక్కుండా నిలిచిపోతుందోనని భయపడ్డాను. విరగాలని కోరుకున్నాను కాబట్టే రాస్తున్నాను. కింద చిన్న పల్లం వచ్చింది. ఎడమ పలక అందులోకి దిగి, అప్పడంలా విరిగింది. ఆ చప్పుడు పైదాకా వినిపించింది. అన్న మోకాలు తిరగకూడని వైపు తిరిగింది. కుర్రాళ్ళు అరుస్తూ కిందికి పరిగెత్తారు. నేను కదల్లేదు. ఇప్పుడు వడ్డించు అనుకున్నాను.

ఉద్యోగం పోయింది. ప్రోగ్రాం నమ్మదగ్గది కాదని కంపెనీవాళ్ళు తేల్చేశారు. ఇక్కడితో లెక్క సరిపోయిందనుకున్నాను. నా అమాయకత్వం.

రెండు నెలలకి చంకల్లో కర్రలతో మళ్ళీ సాక్ష్యానికి లేచాడు.

"ప్రభువు నా ప్రాణం కాపాడాడు. ఆ ప్రోగ్రాం నిజానికి మన చెల్లి రాసింది. అందులో తప్పుంది. చిన్నపిల్ల, తెలియక చేసింది. నేను మనస్ఫూర్తిగా క్షమించేశాను. మీరు కూడా ఏమీ అనకండి."

బాగున్నన్నాళ్ళూ తనది, విరిగాక నాది! హాలంతా ఆమెన్ అంది. ఈసారి నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఆరాధన అయ్యాక ఆంటీలు వరసగా వచ్చి కావలించుకున్నారు. పోనీలే అమ్మా, అందరం తప్పులు చేస్తాం అన్నారు. అప్పటినుంచి పదిహేనేళ్ళు నేను ఆ చర్చిలో తప్పు ప్రోగ్రాం రాసి అన్న కాలు విరగ్గొట్టిన అమ్మాయిని. నా లెక్క సరైనదని చెప్పడానికి ఒకే దారి ఉంది. తొంభై రెండని తెలిసే డెబ్బై రెండు కొట్టానని చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేదు, మింగే ఓపికా లేదు. ఆయన మాత్రం కనపడ్డప్పుడల్లా కుంటుతూ వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, బాగున్నావా చెల్లీ అనేవాడు. పెద్దాయన నా ప్రోగ్రాం గీసిన జత మీద ఇంకో పదేళ్ళు జారాడు. అది ఎవరికి కావాలి?

శనివారం కూడికకి వెళ్ళాను. హాలు నిండిపోయింది. ముందు దండ వేసిన ఫొటో, అందులోనూ జుట్టు దువ్వి ఉంది. పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. కాలు విరిగిన మూడేళ్ళకి పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల. ఆమె నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెని అదే అంటాను. వరసగా ఎయిర్‌పోర్టు సాక్ష్యాలు అయ్యాయి. పెట్టెల అద్భుతం కూడా ఒకాయన చెప్పాడు. నా పేరు పిలిచారు.

"అన్న నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చాడు. అన్నం పెట్టాడు. నా ప్రోగ్రాం తీసుకుని తనదని ఇక్కడే నిలబడి చెప్పాడు. విరిగాక నాదన్నాడు. ఆ ప్రోగ్రాంలో తప్పు లేదు. అన్న బరువు తొంభై రెండు. డెబ్బై రెండని చెప్పాడు. అబద్ధమని నాకు తెలుసు. తెలిసే కొట్టాను. అన్న నన్ను క్షమించాడు గాని, ఎందుకు క్షమించాలో ఆయనకి తెలియదు. నేను ఆయన్ని క్షమించలేదు. ఇదే నా సాక్ష్యం."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలి అంకుల్ అలవాటుగా ఆమెన్ అన్నాడు. దాంతో ఇంకో నలుగురు, ఆ తర్వాత హాలంతా. అని, ఏమన్నారో తెలిసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నా ఆమెన్ నాకు తిరిగొచ్చింది. తల ఎత్తుకునే వచ్చి కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఒక్కరు కూడా నా పక్కకి రాలేదు. ఆయన భార్య వచ్చింది. కంచం తెచ్చి నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్ళాను.

"ఛాతీలో నొప్పని పడిపోయారు వదినా. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే పేషెంట్ వెయిట్ ఎంతని అడిగారు. ఆయన కింద పడుండి కూడా, సెవెంటీ టూ అని చెప్పు అన్నారు. నూట పది పైనేనని నాకు తెలుసు. ఆయన ముందు ఆ మాట ఎలా అనను? అదే చెప్పాను. ఇద్దరే వచ్చారు. మాది పై ఫ్లోరు కదా, మెట్ల మీద నుంచి దించలేక ఇంకో ఇద్దర్ని పిలిచారు. వాళ్ళు వచ్చేదాకా..."

ఆగింది. మళ్ళీ నావైపు చూసింది. ఆ కళ్ళల్లో కోపం లేదు.

"మీరూ తెలిసే కొట్టారు కదా. ఆ తర్వాత మీకు నిద్ర ఎలా పట్టింది వదినా?"

నిజం చెప్పాలంటే, నాకు హాయిగా పట్టింది. పేరు పోయిందని మండిపడ్డానేమో గాని, ఆ మోకాలి గురించి పదిహేనేళ్ళలో ఒక్క రోజు నిద్ర చెడలేదు. ఆమె నా జవాబు కోసం చూస్తూ నిలబడింది. కంచంలో అన్నం చల్లారిపోతోంది.